మండువా మళ్లీ కడుతున్నాం: కోనసీమలో మా ఇంటి డైరీ

ఫిబ్రవరి 11

మూడు రోజులుగా పాత ఇంటి పెంకు దించుతున్నాం. ఈ సాయంత్రానికి కప్పు మొత్తం ఖాళీ అయింది. ముత్తాతగారు కట్టించిన మండువా లోగిలి ఇది, మధ్యలో కప్పు లేకుండా ఆకాశానికి తెరిచి ఉన్న ఇల్లు. పడమటి వాసాలు చెదలు తినేశాయి, నైరుతి మూల గోడ ఒరిగిపోయింది. బాగు చేయించి ఉండే పరిస్థితి లేదని ఇద్దరు ఇంజనీర్లు చూసి చెప్పాకే ఈ పనికి దిగాం. నేనూ ఆర్కిటెక్టునే కానీ, ఈ ఇంటి విషయంలో నా ఒక్కదాని మాట మీద నడవదలచుకోలేదు.

దించే ముందు వారం రోజులు కూర్చుని ప్రతి గదీ కొలిచి గీసుకున్నాను. చిన్నప్పటి నుంచీ తిరిగిన ఇల్లే అయినా, టేపు పట్టుకున్నాకే కొన్ని సంగతులు కనబడ్డాయి. వీధి గుమ్మం నుంచి పెరటి గుమ్మం దాకా ఐదు గుమ్మాలు ఒకే వరసలో ఉన్నాయి. వీధి అరుగు మీద నిలబడితే పెరట్లో బావి కనిపిస్తుంది. గదుల మధ్య గోడలు కప్పు దాకా వెళ్లలేదు, పైన రెండడుగుల ఖాళీ ఉంది. వసారా కప్పు పెద్ద కప్పుకి కొనసాగింపుగా లేదు, ఒక అడుగు కిందుగా విడిగా ఉంది. ఈ మూడూ ఎందుకలా పెట్టారో తేల్చుకోకుండా కొత్త ప్లాన్ గీయకూడదని నిర్ణయించుకున్నాను.

పనికొచ్చేవి లెక్కపెట్టాం. చేవ చెడని తాటి వాసాలు 64, టేకు ద్వారబంధాలు 9, రెక్కలతో సహా 6. బెంగుళూరు పెంకు సగానికి పైగా బాగుంది. అడుగున ఉన్న గూన పెంకులో మూడోవంతు పగిలింది.

చావడి స్తంభాన్ని ముక్క చేయకుండా జాగ్రత్తగా పక్కన పెట్టించాను. దాని మీద మేకుతో గీసిన గీత ఉంది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర వరద 35 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు మా చావడిలోకి వచ్చిన నీటి మట్టం అది. పెదనాన్నగారు గీశారు. కొత్త ఇంటికి మొదటి కొలత ఆ గీతే.

ఫిబ్రవరి 25

నాన్నగారితో రెండు రోజులు మాట్లాడాను. "స్లాబు వేసేస్తే ఇంక చూసుకోక్కర్లేదు కదమ్మా, ఊరంతా అదే కడుతున్నారు" అన్నారు. ఆయన బాధ న్యాయమే. పెంకుటింటికి ఏటా మనిషిని ఎక్కించి పెంకు సర్దించాలి. కోతులు తిరిగితే మళ్లీ సర్దించాలి. అరవై ఏళ్లు ఆయన ఆ పని చేయించారు.

నేను చెప్పింది ఒకటే, రాత్రి నిద్ర గురించి. రాజస్థాన్‌లోనో అనంతపురంలోనో రాత్రి గాలి చల్లబడుతుంది. మందపు గోడలు, బరువైన కప్పు పగలు వేడిని పీల్చుకుని రాత్రి వదిలినా అక్కడ నడుస్తుంది. మన దగ్గర గాలిలో తేమ ఎక్కువ. మే నెలలో అర్ధరాత్రి కూడా బయట పెద్దగా చల్లబడదు. అలాంటి చోట ఐదంగుళాల కాంక్రీటు పగలంతా కాగి, మనం పడుకునే వేళకి ఆ వేడి మంచం మీదకి వదులుతుంది. ఇక్కడి ఇంటికి కావలసింది తేలికపాటి కప్పు. అది పొద్దున కాగినా పొద్దుకూకగానే చల్లారిపోవాలి. దాని కింద గాలి ఆగకుండా నడవాలి. ఒంటి మీద చెమట ఆరితేనే మనిషికి చల్లగా ఉంటుంది, చెమట ఆరాలంటే గాలి ఆడాలి.

ఐదు గుమ్మాల వరస, పైన వదిలిన గోడలు అందుకే. మండువా మధ్య ఆకాశం కనిపించడం అందం కోసమే అనుకుని ఇప్పుడు చాలామంది హోటళ్లలో, రిసార్టుల్లో దాన్ని గాజుతో మూసేస్తున్నారు. గాలి పోయే దారి మూసేశాక మిగిలేది నాలుగు స్తంభాలు మాత్రమే.

చివరికి ఒప్పందం ఇది. పడకగదులు, చావడి, వసారా పెంకు కప్పు కింద. వంటగది, స్నానాల గదులు, వాటి పక్కన ఒక గది స్లాబు కింద. ఆ గదికి పైకి మెట్లుంటాయి. 1996 నవంబరు 6 రాత్రి తుపానుకి ఊళ్లో కొబ్బరి చెట్లు కూలుతుంటే బడి స్లాబు కింద ఇరవై కుటుంబాలు తలదాచుకున్న సంగతి నాన్నగారు మర్చిపోలేదు. ఒక గట్టి గది కావాలన్న ఆయన మాట నేను సంతోషంగా ఒప్పుకున్నాను.

మార్చి 14

నల్లరేగడి కాబట్టి పునాదికి బల్బు పైల్స్ వేస్తున్నాం. వానాకాలం ఉబ్బి ఎండాకాలం నెర్రెలిచ్చే ఇలాంటి నేలల కోసం రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ తయారు చేసిన పద్ధతి. నేల కదిలే పై పొరని దాటి పన్నెండు అడుగులు దిగి, అడుగున బల్బులా వెడల్పు చేసి కాంక్రీటు పోస్తారు. పది అంగుళాల పైలుకి బల్బు ఇరవై ఐదు అంగుళాలు. పాత ఇంటి నైరుతి గోడ ఒరగడానికి కారణం పునాది ఆ కదిలే పొరలోనే ఆగిపోవడం. అది తవ్వినప్పుడు కళ్లారా చూశాం.

నాలుగడుగులకే నీళ్లు తగులుతున్నాయి. తవ్విన గుంతని రాత్రి వదిలేస్తే పొద్దుటికి అంచులు జారుతున్నాయి. అందుకని ఏ గుంతకి ఆ రోజే కాంక్రీటు పోసేస్తున్నాం.

ఏప్రిల్ 24

బేస్‌మట్టం లేచింది. రోడ్డు మీద నాలుగున్నర అడుగులు, 1986 గీతకి ఒక అడుగు పైన. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షలు దాటినప్పుడు మా వీధిలో మోకాలి లోతే వచ్చింది కాబట్టి మూడడుగులు చాలని కొందరన్నారు. గట్లు ఎప్పుడూ నిలుస్తాయని నమ్మి ఇల్లు కట్టలేను. నానమ్మ మెట్లు ఎక్కలేదు కనుక తూర్పు అరుగు పక్కగా ఏటవాలు దారి పెట్టాం, పన్నెండడుగులకి ఒక అడుగు చొప్పున.

ఈ నెలలో ఒక దెబ్బ తగిలింది. ఏప్రిల్ మధ్యలో కాలువలు కట్టేశారు. అంతదాకా కాలువ నీటితోనే క్యూరింగ్ చేశాం, అంటే గోడల్నీ కాంక్రీటునీ తడిపాం. తర్వాత ట్యాంకరు తెప్పించాను. వారం తిరిగేసరికి బేస్‌మట్టం గోడ మీద తెల్లగా ఉప్పు పూసింది. నాలిక మీద వేసుకుని చూస్తే ఉప్పే. రొయ్యల చెరువుల పక్క బోరు నీళ్లు తెచ్చి పోశారు. ఎక్కడి నీళ్లని ముందే అడగకపోవడం నా తప్పు. ఉప్పు నీరు కాంక్రీటులోకి దిగితే లోపల ఇనుము తుప్పు పట్టి పదేళ్లకి పెచ్చులూడుతుంది. అదృష్టం కొద్దీ ఇనుమున్న బెల్టు బీముకి కాలువ నీళ్లే పడ్డాయి, ఉప్పు పట్టింది ఇటుక గోడకే. నాలుగుసార్లు మంచినీళ్లతో కడిగి, బ్రష్ కొట్టించాను. ఇప్పుడు ప్రతి ట్యాంకరుకీ టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగిన లవణాలు చూపించేది) పెట్టి చూశాకే గేటు తీస్తున్నాం.

జూన్ 6

గోడలు. ఈ పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం.

ఆర్కిటెక్టు లారీ బేకర్ కేరళలో వందల ఇళ్లకి వాడిన కట్టుబడి ఇక్కడ పెడుతున్నాం. ఇటుకని పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి కడతారు. తొమ్మిదంగుళాల గోడ మధ్యలో మూడంగుళాల ఖాళీ మిగులుతుంది. ఇటుకలో దాదాపు పాతిక శాతం మిగులుతుంది. ఆ గాలి ఖాళీ వల్ల పడమటి ఎండ లోపలికి ఆలస్యంగా, తక్కువగా దిగుతుంది. ఇంగ్లీషులో దీనికి ఎలకబోను పేరుందని చెప్తే మేస్త్రిగారు ఇంకేమీ అడగకుండా నాలుగు ఇటుకలు తీసుకుని నేల మీద పేర్చి చూశారు.

"అమ్మాయిగారండీ, ఇది కట్టొచ్చండి. కానీ మన ఇటుక ఒకటి లావు ఒకటి సన్నం. బయటి మొహం సరిచేస్తే లోపలి మొహం రాదండి."

ఆయన చెప్పింది నిజం. కట్టల్లోంచి ఇటుక ఏరి, కొలత కలిసేవి గోడకి, మిగతావి పునాది లోపలికి వాడాం. లోపలి మొహానికి ఎలాగూ పూత వస్తుంది, బయటి మొహం మాత్రం పూత లేకుండా ఇటుకే కనబడేలా వదులుతున్నాం.

బేకర్ పద్ధతిని ఉన్నదున్నట్టు తెచ్చుకోలేదు. ఆ ఖాళీలోకి వరద నీరు చేరితే నెలల తరబడి ఆరదు. అందుకని కిటికీ అడుగు మట్టం దాకా మామూలు గట్టి గోడ, పైనే ఖాళీ గోడ. మూలల్లో, కిటికీల పక్కల నిలువు ఇనుము పెట్టి కాంక్రీటు నింపుతున్నాం. కిటికీ అడుగున, లింటల్ మట్టంలో, గోడ తలమీద చుట్టూ మూడు బ్యాండ్లు, అంటే ఇనుము పెట్టిన కాంక్రీటు పట్టీలు. మన తీరానికి భవన నిర్మాణ కోడ్ ప్రకారం లెక్కలోకి తీసుకోవలసిన గాలి సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. గోడ, కప్పు, పునాది ఒకదాన్నొకటి పట్టుకుని ఉండకపోతే ఆ గాలి ముందు అందమేం నిలవదు.

మొదటి రోజు ముగ్గురు మేస్త్రులు కలిసి కట్టింది ఎనిమిది వరసలే. పదో రోజుకి చేయి తిరిగింది.

జూన్ 30

కిటికీల మీద అమ్మతో, కిటికీలు అమ్మే షాపుతో, రెండు వైపులా వాదన. జరిపే అద్దాల కిటికీలు బాగుంటాయని అందరి మాట. లెక్క చూపించాను. ఇళ్ల కోసం 2018లో వచ్చిన ఎకో నివాస్ సంహిత మనలాంటి ఉక్క ప్రాంతాలకి నేల వైశాల్యంలో 16.66 శాతం, అంటే ఆరోవంతు, తెరుచుకునే జాగా ఉండాలంటుంది. పెద్ద పడకగది 12 అడుగులకి 14, అంటే 168 చదరపు అడుగులు. ఆరోవంతు 28. నాలుగుకి ఐదడుగుల కిటికీలు రెండు పెడితే 40 చదరపు అడుగులు. జరిపే కిటికీ అయితే సగమే తెరుచుకుంటుంది, 20కి పడిపోయాం. రెక్కల కిటికీ అయితే చట్రం పోను 34 దాకా వస్తుంది. పాత టేకు రెక్కలే బాగుచేసి పెడుతున్నాం.

దోమతెర తప్పదు, కోనసీమలో తెర లేకుండా రాత్రి కిటికీ తీయలేం. తెర గాలిని బాగా తగ్గిస్తుంది, కాబట్టి ఆరోవంతుకి కొంచెం పైనే పెట్టుకోవడం మంచిది.

ఎండ విషయంలో ఒకటి గుర్తుంచుకోవాలి. మన ఊరు 16న్నర డిగ్రీల దగ్గర ఉంది. మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగా ఉంటాడు. ఉత్తరం గోడకి ఎండ రాదన్న మాట ఇక్కడ పనిచేయదు. నాలుగు దిక్కులా చూరు కావాలి, పడమటికి చూరు కూడా చాలదు. అక్కడ పాత గూన పెంకులు పేర్చి జాలీ గోడ కట్టించి, దాని ముందు అరటి పెడుతున్నాం.

ఆగస్టు 17

నష్టం రాసుకోవాలి. లోపలి గోడలకి గుల్ల సున్నం పూత వేయించాను. ఆలిచిప్పలు కాల్చిన సున్నం, ఇసుక, కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు. సున్నం నెల రోజులు నానింది, గానుగ లేకపోతే చిన్న మిల్లులో ఆడించాం. అన్నీ బాగానే చేశాం, కాలం ఒక్కటే చూసుకోలేదు. గుల్ల సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువు పీల్చుకుని మెల్లగా రాయవుతుంది. శ్రావణంలో పన్నెండు రోజులు ముసురు పట్టింది. గోడ తడిగానే ఉండిపోయింది, పూత బిగుసుకోలేదు. ఉత్తరపు గది పూత నిన్న రాత్రి చాపలా ఊడి కింద పడింది.

మేస్త్రిగారి తండ్రికి ఎనభై దాటాయి. కబురు పెడితే వచ్చి, పడిన ముక్క చేత్తో నలిపి చూసి, "సున్నప్పని మాఘంలో చెయ్యాలండి. వానల్లో చెయ్యాలంటే ఇటుక పొడి కలపాలండి, ఆయ్" అన్నారు. ఇటుక పొడి, అంటే సుర్కీ, కలిస్తే సున్నం తడిలో కూడా గట్టిపడుతుందని నేను చదువుకున్నదే. ఇక్కడ వాడాలని తోచలేదు. స్నానాల గదుల వైపు సుర్కీతో, మిగతా గదులు మాఘం దాకా ఆపేశాం. నాలుగు రోజుల కూలీ, రెండు లారీల సరుకు పోయాయి.

అక్టోబరు 9

కప్పు ఎక్కుతోంది. తుపాన్ల నెలలో కప్పు తెరిచి పెట్టడం చాలా టెన్షన్‌గా ఉంది, కానీ గోడలు ఆలస్యమయ్యాయి, తప్పలేదు.

నాలుగు వైపులా వాలిన కప్పు పెట్టాం, 30 డిగ్రీల వాలు. త్రికోణపు గోడ నిలబెట్టే రెండు వాలుల కప్పు కంటే ఇది తుపాను గాలికి ఓర్చుకుంటుంది. గాలి కప్పుని కిందికి నొక్కేస్తుందని చాలామంది అనుకుంటారు. ఎక్కువగా జరిగేది పైకి పీకడం. చూరు ఎంత బయటికి వస్తే గాలి కింద చెయ్యి పెట్టి లేపడానికి అంత పట్టు దొరుకుతుంది. ఎండకి, వానకి మాత్రం పెద్ద చూరు కావాలి.

పాత ఇంటి వసారా ఒక అడుగు కిందుగా విడిగా ఎందుకు ఉందో ఇక్కడ బోధపడింది. పెద్ద కప్పు చూరు గోడ మీద నుంచి అడుగున్నర దాటదు. నీడనిచ్చేది దాని కిందుగా విడి వాసాల మీద నిలిచిన వసారా. పెనుగాలికి వసారా లేచిపోయినా, దాంతో పాటు ఇంటి కప్పు లేచిపోదు. కోడ్ పుస్తకాల్లోనూ తుపాను ప్రాంతాలకి వసారా కప్పు విడిగా పెట్టమనే ఉంటుంది. ముత్తాతగారి వడ్రంగి దాన్ని చేసి చూపించి వెళ్లాడు.

తాటి వాసాలకి జీడినూనె రెండు పూతలు కొట్టాం. ఒక్కో వాసం గోడ తలమీది బ్యాండులోంచి లేచిన ఇనుప పట్టీకి బోల్టు. పెంకుకి రంధ్రం చేసి గాల్వనైజ్డ్ తీగతో రీపరుకి, అంటే వాసాల మీది అడ్డ బద్దకి, కడుతున్నాం. చూరు అంచున, మూలవాసాల మీద, కప్పు వాలులు పైన కలిసే వెన్ను మీద ప్రతి పెంకూ, మధ్యలో ఒకటి విడిచి ఒకటి.

వెన్ను పొడవునా నాలుగంగుళాల సందు వదిలి, దాని మీద చిన్న పెంకు టోపీ పెట్టాం. వేడి గాలి పైకెక్కి అందులోంచి పోతుంది. ఆర్కిటెక్టు చార్లెస్ కొరియా 1960ల మొదట్లో అహ్మదాబాద్‌లో కట్టిన ట్యూబ్ హౌస్‌లో వాలు కప్పు వెంట వేడి గాలి పైకి జారి పైనున్న సందులోంచి వెళ్లిపోయేలా పెట్టారు. అది పొడి నేల, ఇది తడి నేల, అయినా వేడి గాలి పైకే పోతుంది. వాన జల్లు లోపలికి రాకుండా టోపీ కింద రేకు మడత, కీటకాలకి జాలీ. పడకగదుల్లో పెంకు కింద అడుగున్నర ఖాళీ వదిలి వెదురు తడక సీలింగ్.

ఎండకి స్లాబు తక్కువ కాగేలా స్లాబు గది మీద తెల్ల పింగాణీ ముక్కలు పరుస్తున్నాం. ఆర్కిటెక్టు బి.వి. దోశి తన ఆఫీసు సంగత్‌కి కప్పుల మీద ఇదే చేయించారు. టైల్స్ షాపుల్లో పగిలిన తెల్ల ముక్కలు బస్తాల లెక్కన చవగ్గా దొరికాయి.

నవంబరు 21

వాయుగుండం. రెండు రాత్రులు వాన, గాలి ఓ మోస్తరు. కప్పు నిలిచింది. వెన్ను సందు దగ్గర ఒకచోట కారింది, రేకు మడత అక్కడ పొట్టిగా పడింది. మండువాలో నీళ్లు నాలుగు మూలల నుంచి పడడం కొత్త ఇంట్లో మొదటిసారి చూశాం. నానమ్మ వసారాలో కుర్చీ వేయించుకుని గంటసేపు కదల్లేదు.

లోపలి వాలుల విస్తీర్ణం 400 చదరపు అడుగులు, దాదాపు 37 చదరపు మీటర్లు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన ఒక లీటరు. 50 మిల్లీమీటర్లకి 1850 లీటర్లు రావాలి. మొదటి పావుగంట నీరు బయటికి వదిలి, తర్వాతది ఇసుక, బొగ్గు వడపోతలోంచి అయిదు వేల లీటర్ల సంపులోకి పంపాం. పొద్దుటికి గజంబద్దతో కొలిస్తే 1600 వచ్చాయి. బోరు నీరు ఉప్పగా మారుతున్న ఊళ్లో ఇవి వంటకి, తాగడానికి.

ఫిబ్రవరి 18

మాఘం. ఆగిన సున్నప్పని పది రోజుల్లో అయింది. పెద్ద మేస్త్రిగారు కుర్చీలో కూర్చుని చూశారు. చివరి పూతని గులకరాయితో రుద్దితే చెయ్యి జారేంత నున్నగా వచ్చింది.

మండువా నేలకి నల్లరాయి పలకలు, మధ్యకి వాలు, ఈశాన్యం మూల తూము. వంటగది ఆగ్నేయంలోనే పెట్టాలని అమ్మ పట్టు. ఎండాకాలం సాయంత్రాలు సముద్రం వైపు నుంచి వచ్చే గాలి ముందు వంటగదికి తగిలి పోపు ఘాటుని ఇంట్లోకి తెస్తుంది. గది మారలేదు, పొయ్యి మీద పొడుగాటి పొగగొట్టం లేచింది.

మే 20

గృహప్రవేశం అయి నెల. నిన్న రాత్రంతా మేలుకుని కొలిచాను. చేతిలో పట్టుకునే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు, కాగితం, టార్చి. పోల్చడానికి పక్కింటి బాబాయిగారి మామూలు స్లాబు గది, ఆయన అనుమతితో.

మధ్యాహ్నం మూడింటికి బయట 39. మా పెంకు అడుగు భాగం 47, దాని కింద వెదురు తడక 37. బాబాయిగారి స్లాబు అడుగు 41. ఆ గంటలో మా పెంకే వేడి, ఇది దాచకూడదు. రాత్రి తొమ్మిదికి బయట 31. మా పెంకు 30, తడక 31. బాబాయిగారి స్లాబు ఇంకా 40. తెల్లవారుజామున రెండింటికి ఆ స్లాబు 36, మా పెంకు 28. పింగాణీ పరిచిన మా స్లాబు గది మధ్యాహ్నం 36, రాత్రి తొమ్మిదికి 35, రెండింటికి 33.

గాలి విషయంలో అనుకున్నంతా జరగలేదు. సాయంత్రం నాలుగు నుంచి పదిదాకా దక్షిణపు గుమ్మంలోంచి వచ్చి పెరట్లోకి పోయింది. పదకొండు దాటాక కొబ్బరాకు కదల్లేదు. రెండున్నర దాకా ఫ్యాన్ వేసుకునే పడుకున్నారు అందరూ. ఏసీ పెట్టిన ఒక్క గదిలో నిన్న అది వేయలేదు.

పొద్దున్నే బాబాయిగారు కాగితం అడిగి తీసుకుని రెండుసార్లు చదివారు. "మా స్లాబు మీద కూడా ఆ తెల్ల ముక్కలు పరవచ్చా అమ్మా?" అని అడిగారు. పరవచ్చని, ముందు పగుళ్లు పూడ్చి వాటరు ప్రూఫింగ్ చేయించాలని చెప్పాను. మిగిలిన ఏడు బస్తాలు ఆయనకే ఇస్తున్నాం. రేపు మేస్త్రిగారు కొలతకి వస్తారు. మాకు మిగిలిన పని వెన్ను సందు దగ్గర పొట్టిగా పడిన ఆ రేకు, తొలకరి లోపల మార్చాలి.